నాలుగు వాతలు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే, కాదనను. కూరలో ఉప్పు తగ్గిందని వచ్చే కోపం కాదు నాది. రావాల్సిన రోజున రాకుండా, ఆలస్యంగా వచ్చి, వచ్చాక ఇక పోనంటూ కూర్చున్న కోపం. అది రావాల్సిన రోజున నేనేం చేశానంటే, రెండు పేజీల రిపోర్టు రాసి, కింద సంతకం పెట్టి, క్యారేజీ విప్పుకుని పెరుగన్నం తిన్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం జోరుగా సాగుతోంది. కూర్మన్నపాలెం అవతల ఎటు చూసినా తవ్విన ఎర్రమట్టి, లారీలు, దుమ్ము. మట్టి మోయడానికి, రాయి కొట్టడానికి కొండల మీద నుంచి గిరిజన కుటుంబాలు పిల్లాపాపలతో దిగి, తాటాకు పాకలు వేసుకుని ఉండేవి. నేను సీతమ్మధారలో అమ్మానాన్నలతో ఉంటూ, ఊళ్లో కొందరు పెద్దమనుషులు కమిటీగా ఏర్పడి నడిపే పిల్లల హోంలో పని చేసేదాన్ని. తప్పిపోయిన పిల్లల్ని, దిక్కులేని పిల్లల్ని పోలీసులు తెచ్చి మాకు అప్పగించేవారు. ఆ పిల్ల ఎవరు, ఇల్లెక్కడ, తిరిగి ఇంటికి పంపవచ్చా లేదా అని విచారించి రాయడం నా ఉద్యోగం. సోషల్ వర్కులో ఎమ్మే చదివాను. మంచి మార్కులు. కళ్లు ఎక్కడుండేవో వేరే చెప్పక్కర్లేదు, నెత్తి మీదే.

ఆఫీసులో నలుగురు మగవాళ్లు, ఆడదాన్ని నేనొక్కదాన్నే. నా టేబులు వరండాలో. ఆడవాళ్లకి బాత్రూం లేదు, పక్కింటి వాళ్లని బతిమాలి వెళ్లేదాన్ని. కమిటీ వాళ్లొస్తే టీ కప్పులు అందించే పని నాకే చెప్పేవారు, ఆ కప్పుల పక్కన పెట్టే కాగితాలు నేనే రాసినవైనా సరే. సూపరింటెండెంటు గారు నన్ను ఎప్పుడూ "అమ్మాయ్" అనే పిలిచేవారు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు.

ఒక ఎండాకాలం ఉదయం రైల్వే పోలీసు ఒక ఆడపిల్లని తీసుకొచ్చాడు. మూడేళ్లుంటాయేమో. దువ్వాడ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఒక గుడ్డ మూట పక్కన ఒంటరిగా కూర్చుని ఉందట. రెండు బళ్లు వెళ్లిపోయినా కదల్లేదట. ఎవరడిగినా నోరు విప్పలేదట. వదిలేసి పోయారని అతను తేల్చేశాడు. పిల్లని, మూటని మా వరండాలో దించి, సంతకం తీసుకుని వెళ్లాడు.

పిల్లకి నీళ్లు పోయడానికి మా ఆయా లోపలికి తీసుకెళ్లింది. ఆయా సముద్రం ఒడ్డున జాలరిపేట మనిషి. మొగుణ్ణి సముద్రం తీసుకుపోతే ఈ ఉద్యోగంలో చేరింది. కాసేపటికి నన్ను కేకేసింది. వెళ్లి చూస్తే, పిల్ల కడుపు మీద బొడ్డుకి ఎడమ పక్కన నాలుగు కాల్చిన మచ్చలు. చిటికెన వేలి గోరంత ఒక్కొక్కటి.

"ఎంత రాక్షసులో!" అన్నాను.

ఆయా నా మొహంలోకి వింతగా చూసింది. "రాచ్చసులేటమ్మా? ఇయి వాతలు. జొరాలొచ్చి కడుపులో బల్ల పెరిగితే పెడతారు. మా పేటలో నా సిన్నోడికి నానే పెట్టినాను. సూడు, నాలుగూ ఒక్క వరసలో ఉన్నాయి. కోపంతో కాల్సినోలు ఇలగ వరస సూసుకుని కాలుత్తారా?"

మాటలన్నీ విన్నాను. ఒక్కటీ చెవిన పెట్టలేదు. చదువు లేని మనిషి మాట కదా. వరండాలోకి వచ్చి ఇంగ్లీషులో రాశాను: పిల్లని కన్నవాళ్లు వదిలేశారు, ఒంటి మీద కావాలని కాల్చిన గాయాలున్నాయి, ఇది క్రూరత్వం, బంధువులెవరైనా వచ్చినా పిల్లని చూపించకూడదు. జాతి అన్న గడిలో 'కొండజాతి' అని రాశాను. ఏ కొండ, ఏ జాతి అని అడగాలని కూడా తోచలేదు.

సూపరింటెండెంటు గారు అది చదివి, "ఇదీ రిపోర్టంటే. బాగా రాశావమ్మాయ్" అన్నారు. ఆ మెచ్చుకోలుకి పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

తల్లి పన్నెండో రోజున వచ్చింది. ఆమెతో ఒక మగమనిషి. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి రానివ్వకపోతే ఎదురుగా గోడ నీడన రెండు రోజులు కూర్చున్నారట. మూడో రోజు నాకు తెలిసి లోపలికి పిలిపించాను. పాతికేళ్లుండవు ఆమెకి. ముక్కుకి మూడు నత్తులు, మోకాళ్ల కిందికి దిగని చీర. తెలుగు నాలుగు ముక్కలు కూడా రాదు. "పాప" అంటుంది, గుండె మీద చెయ్యేసుకుంటుంది, అంతే.

సూపరింటెండెంటు గారు మాట కలపడానికి రైల్వేలో పని చేసే ఒకాయనని పిలిపించారు. ఆయనకి కొండల్లో మాట్లాడే ఒరియా వచ్చు. ఆమె గోడవారగా నిలబడింది. కుర్చీల్లో ముగ్గురు మగవాళ్లు. కూడా వచ్చిన మనిషి గుమ్మం అవతల.

"వీడెవడు? మొగుడా?" అని అడిగారు సూపరింటెండెంటు గారు.

కాదు అన్నట్టు, అవును అన్నట్టు ఏదో అంది. రైల్వే ఆయన నవ్వి, "రెండో మొగుడట సార్. మొదటోడు కొండ మీద ఉన్నాట్ట" అన్నాడు.

"అదీ సంగతి. మొదటివాణ్ణి ఎందుకు వదిలేశావో అడుగు. పిల్లని ఎందుకు కాల్చావో అడుగు. ఈ కొత్తవాడి కోసమేనా?"

ఆయన అడిగాడు. ఇంకేం కలిపి అడిగాడో మాకు తెలీదు. ఆమె తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడింది. పావుగంట అడిగినా మాట లేదు. పరాయి మగవాళ్లు ముగ్గురు ఎదురుగా కూర్చుని నీ కాపురం సంగతి, నీ కడుపున పుట్టిన బిడ్డ సంగతి చెప్పమంటే ఏ ఆడది చెబుతుంది? నన్ను పెళ్లిచూపుల్లో నలుగురు కూర్చుని వంట వచ్చా అని అడిగితేనే నాకు నోరు పెగిలేది కాదు. అయినా ఆ పూట నా చేతిలో కాగితం ఉంది. "తల్లి సమాధానం చెప్పలేదు" అని రాసుకున్నాను. పిల్లని చూపించలేదు. నా రిపోర్టే అడ్డం కదా. లోపల పిల్ల ఏడుపు వినిపిస్తుందేమోనని ఆమె తలుపు వైపే చూస్తూ వెళ్లింది. మంచినీళ్లు కావాలా అని కూడా ఎవరమూ అడగలేదు.

పిల్లకి హోంలో తల క్రాఫ్ చేయించారు. నీలం గౌను తొడిగారు. పేరు ఏదో తెలీక ఒక దేవత పేరు పెట్టారు. నెలలు గడిచాయి. పిల్ల ఆయా కొంగు పట్టుకుని తిరుగుతూ జాలరిపేట తెలుగు నేర్చుకుంది. తల్లి ప్రతి పదిహేను రోజులకీ పని మానుకుని వచ్చేది, గేటు దగ్గర కూర్చుని వెళ్లేది. వానాకాలం చివర్లో హైదరాబాదు నుంచి పిల్లల్లేని దంపతులు వచ్చి ఈ పిల్లని చూసి ముచ్చట పడ్డారు. మంచివాళ్లే, వాళ్ల మీద నాకేం కోపం లేదు. వదిలేసిన పిల్ల, కాల్చిన తల్లి అని కాగితం చెబుతోంది కాబట్టి ఇచ్చేయడానికి అడ్డేముందన్నారు సూపరింటెండెంటు గారు. రెండు నెలలకొకసారి కూర్చునే కమిటీ ముందు పెడదాం, వాళ్లు ఊఁ అంటే పిల్ల హైదరాబాదు వెళ్తుంది అన్నారు. అప్పటికి మూడు వారాలుంది.

ఆ సాయంత్రమే పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ వాచీ తీసి గట్టు మీద పెట్టాను. ఆయా పక్కనే పిల్లల గౌన్లు ఉతుకుతోంది. నా మణికట్టు చూసి, "ఇదేటమ్మా?" అంది.

"చిన్నప్పుడు కామెర్లొస్తే మా అమ్మమ్మ పసుపు కొమ్ము కాల్చి..." అని అక్కడే ఆగిపోయాను.

ఆయా గౌను పిండి, దులిపి, తాడు మీద వేసింది. నేను కుళాయి కట్టడం మర్చిపోయి నిలబడ్డాను. ఆ మచ్చ ఇరవై ఏళ్లుగా నా చేతి మీదే ఉంది. దాని మీద వాచీ పెట్టుకుని, ఆ చేత్తోనే ఆ రిపోర్టు రాశాను. మా అమ్మమ్మ అన్నం తినిపించేటప్పుడు ఆ మచ్చని నిమిరేది. రాక్షసి అని ఆమెను ఎవరైనా అంటే నేను ఊరుకుంటానా? సిగ్గేసింది. సిగ్గు వెనకే కోపం వచ్చింది. అది ఇంకా పోలేదు.

వాత మంచి వైద్యమని నేననను. అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. చలిజ్వరం మీద చలిజ్వరం వచ్చి, బల్ల అంటే ప్లీహం పెరిగి పిల్ల కడుపు ఉబ్బిపోతుంటే, మాత్ర ఇచ్చే ఆసుపత్రికి ఒక పూట కొండ దిగాల్సిన చోట, తల్లి తనకి తెలిసింది చేస్తుంది. మా అమ్మమ్మకి ఆసుపత్రి రిక్షా దూరంలో ఉంది, అయినా పసుపు కొమ్మే కాల్చింది. ఈ ఇద్దరిలో ఎవరికి మినహాయింపు ఇవ్వాలో చెప్పడానికి ఎమ్మే అక్కర్లేదు.

మర్నాడు సూపరింటెండెంటు గారితో, కూర్మన్నపాలెం వెళ్లి తల్లితో మళ్లీ మాట్లాడతానన్నాను.

"ఆ పాకల్లోకి ఆడపిల్లవి ఒక్కదానివీ వెళ్తావా? ఏదైనా అయితే మాకు చెడ్డపేరు. అయినా పెళ్లి కాని దానివి, తల్లీబిడ్డల సంగతి నీకేం తెలుస్తుంది?"

తల్లి మీద రాసినప్పుడు నాకు పెళ్లయిందా లేదా అని ఎవరూ అడగలేదు. తల్లి తరఫున మాట్లాడతాననేసరికి నా పెళ్లి గుర్తొచ్చింది. సెలవు చీటీ రాసి ఆయన టేబులు మీద పెట్టి వచ్చేశాను.

ఈసారి మాట కలపడానికి మగమనిషిని పట్టుకెళ్లదల్చుకోలేదు. పాత ఊళ్లో చింతపండు, కొండచీపుళ్లు అమ్మే ఒక ముస్లిం కుటుంబం దగ్గర మా అమ్మ ఏటా చింతపండు కొనేది. ఆ ఇంటి పెద్దామె భర్తతో కలిసి చిన్నప్పటి నుంచీ కొండ సంతలకి తిరిగిన మనిషి. వెళ్లి అడిగితే, బుర్ఖా తగిలించుకుని, "పద బేటీ, బస్సు దొరుకుతాదా ఈ టైంలో?" అంది. అంతే. ఇంకో ప్రశ్న వేయలేదు.

పాక ముందు ముగ్గురం నేల మీద కూర్చున్నాం. పెద్దామె ముందు ఆ ఊరి సంగతులు, ఎవరి చెల్లెలు, ఎవరి మేనకోడలు అని చాలాసేపు మాట్లాడింది. ఇద్దరికీ తెలిసిన మనిషెవరో దొరికారు. తల్లి మొహంలో మొదటిసారి వెలుగు చూశాను. కూడా ఉండే మనిషి మమ్మల్ని చూసి, కుండ తీసుకుని నీళ్ల వంకతో వెళ్లిపోయాడు. ఆడవాళ్ల మాటలని అతనికి ఎవరూ చెప్పలేదు.

అప్పుడు చెప్పింది ఆమె. ఆపకుండా చెప్పింది. పెద్దామె వింటూ నాకు తెలుగులో చెబుతూ పోయింది.

చైత్రంలో పండక్కి ఊరికి బయల్దేరారట. మొదటి మూటతో పాపని దువ్వాడ స్టేషన్‌లో కూర్చోబెట్టి, రెండో మూట కోసం ఇద్దరూ పాకకి తిరిగి వచ్చారట. వచ్చేసరికి పాప లేదు, మూట లేదు. వెతగ్గా వెతగ్గా మా హోం జాడ తెలిసేసరికి పది రోజులు దాటిందట.

"ఒంటరిగా ఎలా వదిలేశారు?" అని నేను అడిగాను. అడిగిన గొంతులో ఇంకా ఆఫీసే ఉంది.

పెద్దామె దాన్ని తిప్పి చెప్పకుండా నాకే జవాబిచ్చింది. "వదిలెయ్యడం కాదు బేటీ. కొండ సంతలో మూట కాడ బిడ్డని కూసోబెట్టి పోతారు. అమ్మ వచ్చేదాకా బిడ్డ కదల్దు, పలకదు. సంతంతా ఆ బిడ్డని సూసుకుంటాది. నా కొడుకుని కూడా ఆళ్ల మూటల కాడ కూసోబెట్టే నాను సింతపండు బేరం సేసేదాన్ని. మీ స్టేషన్‌లో సూసేవోళ్లు లేరని దీనికేం తెల్సు?"

రెండు బళ్లు పోయినా కదలని పిల్ల. అమ్మ మాట అంత బాగా విన్న పిల్లని, అందుకే అనాథ అన్నాం.

మొదటి భర్త తాగి కొట్టేవాడట. ఒక ఏడాది చూసి ఈ మనిషితో వచ్చేసిందట. వాళ్లలో అది లేచిపోవడం కాదు. ఊరి పెద్దలు కూర్చున్నారు, ఇతను మొదటి భర్తకి ఇవ్వాల్సింది ఇచ్చాడు, అందరూ కలిసి భోంచేశారు. పాప తల్లి దగ్గరే పెరగాలని మొదటి భర్త పెద్దల ముందు ఒప్పుకున్నాడు. అక్కడితో తెగిపోయింది. మా వీధిలో మొగుడు కొడితే ఓర్చుకుని, చెయ్యి విరిగితే మెట్ల మీద జారానని చెప్పే ఆడవాళ్లు నాకు నలుగురైదుగురు తెలుసు. వాళ్లని మేం సంసారులంటాం. ఈమెని మా ఆఫీసులో ఏమన్నారో ఇక్కడ రాయను.

"వాతల సంగతి అడగండి" అన్నాను.

ఆమె పెద్దామె చెవి దగ్గరికి వంగి చెప్పింది. జ్వరాలతో పాప కడుపులో బల్ల రాయిలా అయింది. ఆమె తల్లి పాపని ఒళ్లో పట్టుకుంటే, కొడవలి మొన కాల్చి తానే పెట్టింది. పాప ఏడ్చింది. తనూ ఏడ్చింది. వేరే వాళ్ల చేత పెట్టించకూడదా అంటే, బిడ్డకి నొప్పి పెట్టాల్సి వస్తే తల్లే పెట్టాలి, పరాయివాళ్ల చేతికి ఇస్తామా అందట.

నేను ఏడ్వలేదు. తిరుగు బస్సులో పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను.

కమిటీ రోజున తల్లిని, ఆ మనిషిని, పెద్దామెని వెంటబెట్టుకుని వెళ్లాను. కమిటీలో ముగ్గురు పెద్దమనుషులు. సూపరింటెండెంటు గారు నా మొదటి రిపోర్టు గట్టిగా చదివారు. నా ఇంగ్లీషు నాకే వినబడుతుంటే తల కొట్టేసినట్టయింది. అది తప్పు, నేను రాసిందే తప్పు అని లేచి చెప్పాను.

"ఆడపిల్ల కదా, ఆ ఏడుపులూ అవీ చూసి కరిగిపోయింది" అన్నారు సూపరింటెండెంటు గారు నవ్వుతూ.

నేను వాచీ తీసి టేబులు మీద పెట్టి చెయ్యి చాపాను. "ఇది మా అమ్మమ్మ పెట్టింది. కామెర్లకి. ఆవిడ మీద కూడా క్రూరత్వం అని రాయండి. నన్ను కూడా హైదరాబాదు పంపించండి."

"అది వైద్యమమ్మా. ఇది వేరు."

"ఏం వేరు? చెప్పండి, రాసుకుంటాను."

ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాను. "ఈ గదిలో ఇంకెవరికీ లేదా?" అని అడిగాను. ముగ్గురిలో అందరికన్నా పెద్దాయన, ఊళ్లో పెద్ద పేరున్న మనిషి, ఎడమచేతి చొక్కా గుండీ మీదికి మెల్లగా కుడిచెయ్యి జరిపి, కఫ్ కిందికి లాక్కున్నారు. నేను చూశానని ఆయన చూశారు. హైదరాబాదు సంగతి ఆపండి అన్నారు. ఆ మాట వరకు ఆయనకి నేను రుణపడి ఉన్నాను. తర్వాతి మాటకి కాదు. "అయితే పిల్లని ఆమెకి ఎలా ఇస్తాం? తండ్రి సంతకం ఉండాలి. కన్నతండ్రి."

ఏడు నెలలు గేటు దగ్గర కూర్చున్న తల్లి అక్కడే నిలబడి ఉంది. ఆమె వేలిముద్ర అక్కర్లేదట. కొట్టినవాడి వేలిముద్ర కావాలట.

పెద్దామె ఆ సంగతి వాళ్ల భాషలో చెబితే, తల్లి వెనక నిలబడ్డ ఆ మనిషి తలూపాడు. మర్నాడు పొద్దున్నే కొండలకి వెళ్లే రైలుబండి ఎక్కి వెళ్లిపోయాడు. పది రోజులకి మొదటి భర్తని వెంటబెట్టుకుని వచ్చాడు. మా ఆఫీసు మెట్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే చుట్ట మార్చి మార్చి కాల్చుకుంటుంటే మా గుమస్తాలు గుడ్లప్పగించి చూశారు. మన వాళ్లయితే కోర్టు గుమ్మంలో కత్తులు దూసేవారు.

మొదటి భర్త లోపలికి రాగానే సూపరింటెండెంటు గారు కుర్చీ చూపించారు. "అమ్మాయ్, ఆయనకి టీ చెప్పు" అన్నారు. అన్ని నెలల్లో ఆ తల్లికి ఆ గదిలో కుర్చీ లేదు, టీ లేదు. నేను కదల్లేదు. ఆయనే కుర్రాణ్ణి కేకేసుకోవాల్సి వచ్చింది.

మొదటి భర్త కుర్చీ వైపు చూసి, వెళ్లి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఏం చెప్పాలి అని పెద్దామెని అడిగాడు. తర్వాత రెండు ముక్కలు మాట్లాడాడు. పెద్దామె తెలుగులో చెప్పింది: "పాప తల్లి కాడే అని పెద్దోళ్ల ముందు ఒకసారి సెప్పినాడంట. ఒకసారి సెప్పిన మాట మళ్లీ ఎందుకు సెప్పమంటన్నారు, ఇక్కడోళ్లకి మాట మీద నమ్మకం లేదా అని అడగతన్నాడు."

వేలిముద్ర వేశాడు. అరనిమిషం పట్టింది. అతను మంచివాడని నేను చెప్పడం లేదు, ఆమె వెన్ను మీద ఇంకా గుర్తులున్నాయి. కానీ అతనికి తన మాట తెలుసు. మా ఫారానికి అతని బొటనవేలు ఒక్కటే తెలుసు.

ఇక పిల్లని ఇవ్వాలి. ఈవిడే తల్లి అని రుజువేమిటి, పిల్లని తెచ్చి చూద్దాం అన్నారు సూపరింటెండెంటు గారు. అన్నీ అయిపోయాక కూడా. క్రాఫ్ తలలు, నీలం గౌన్లు, ఒకే ఈడు ఆడపిల్లలు ఆరుగురిని వరసగా నిలబెట్టారు. తల్లి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. సూటిగా వెళ్లి మూడో పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, పాపని వాళ్ల పేరుతో పిలిచింది.

పిల్ల పలకలేదు. ఆ పేరు మర్చిపోయింది. వెనక్కి వెనక్కి జరిగి ఆయా కుచ్చిళ్లలో మొహం దాచుకుని, "ఆయా, ఆయమ్మెవులు?" అంది.

తల్లికి తెలుగు రాదు. పెద్దామె వైపు తిరిగి, ఏమంటోంది అన్నట్టు చూసింది. పెద్దామె తల పక్కకి తిప్పుకుంది. సూపరింటెండెంటు గారు, "చూశారా, పిల్ల రావట్లేదు" అన్నారు. ఆ క్షణంలో ఆయన్ని కొట్టాలనిపించింది. ఆయనకన్నా ముందు నన్ను నేను.

తల్లి లేవలేదు. అందరి ముందూ తన చీర పక్కకి జరిపింది. కడుపు మీద, బొడ్డుకి ఎడమ పక్కన, నాలుగు పాత వాతలు. ఒక్క వరసలో. వాళ్లమ్మ పెట్టినవి. పిల్ల ఆయా చీరలోంచి ఒక కన్నుతో చూసింది. హోంలో నీళ్లు పోసుకునేటప్పుడు మిగతా పిల్లలు ఆ మచ్చలు చూసి వేళాకోళం చేసేవారు. అలాంటివి తనకొక్కదానికే ఉన్నాయనుకుంది పాపం. మెల్లగా బయటికొచ్చింది. ఒక్కొక్క మచ్చ మీదా వేలు పెట్టి, "నాకూ ఉన్నాయి" అని గౌను పైకెత్తి చూపించింది.

తల్లికి ఆ తెలుగు మాట అర్థం కాలేదు. అర్థం కానక్కర్లేదు.

విడుదల ఫారం నేను నింపాను. గుర్తింపు చిహ్నాలు అనే గడిలో, "కడుపుపై నాలుగు వాతలు, తల్లి పెట్టినవి" అని రాశాను. పిల్ల ఆ రెండో భర్త భుజాల మీద కూర్చుని, "ఆయా, ఆయా" అని ఏడుస్తూనే గేటు దాటింది. వాళ్ల మాటలు మళ్లీ నేర్చుకోవడానికి దానికి ఎన్ని నెలలు పట్టిందో నాకు తెలీదు. ఆయా పెరట్లోకి వెళ్లి కూర్చుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడాల్సిన రోజున తను మాట్లాడింది, నేను వినలేదు. ఇక చెప్పడానికేముంది?

నా మొదటి రిపోర్టు ఫైల్లోంచి తీసేయమని సూపరింటెండెంటు గారిని అడిగాను. "ఫైల్లో చేరిన కాగితం తీయకూడదమ్మాయ్" అన్నారు. ఈ ఒక్క విషయంలో ఆయన చెప్పింది నిజం. అది ఇప్పటికీ ఏ బీరువాలోనో ఉండి ఉంటుంది. బిడ్డని కాల్చిన తల్లి, వదిలేసిన తల్లి అని, కింద నా సంతకంతో.

నా మణికట్టు మీద మచ్చ కూడా ఇప్పటికీ ఉంది. మా అమ్మమ్మ మీద మాత్రం ఎవరూ ఏ ఫైలూ తెరవలేదు.